తెగులును తట్టుకునే స్ట్రాబెర్రీ వంగడమని ఎక్కువ ధర పెట్టి కొన్నాను, అదే ముందు వాడిపోయింది

ఎర్రమట్టి_రైతు
ఈ సీజనులో ఆరు వేల మొక్కలు పెట్టాను. నాలుగు వేలు పాత వంగడం, రెండు వేలు కొత్తది. కొత్తదాని ధర పాతదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. "ఎండు తెగులును తట్టుకుంటుంది" అని అమ్మినవాళ్లు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. రాయల్టీని, అంటే వంగడం తయారుచేసినవాళ్లకు పోయే వాటాను, బిల్లులో వేరే వరుసలో చూపించారు.

మొదటి కోత బాగానే వచ్చింది. రెండో కోతకు ముందు, ఎండ ముదిరిన వారంలో, కొత్త వంగడం బెడ్లలోనే మొదలైంది. బయటి ఆకులు వాలిపోయి, గోధుమ రంగుకు తిరిగి, మల్చింగ్ షీటుకు అతుక్కుపోయాయి. నడుమ రెండు మూడు లేత ఆకులు మాత్రం ఏమీ తెలియనట్టు పచ్చగా నిలబడ్డాయి. రెండు వేలలో ఆరు వందలు పోయాయి. పాతదానిలో నాలుగు వేలకు ఏడు వందలు పోయాయి. అంటే వందకు ముప్పై ఒకవైపు, పదిహేడో పద్దెనిమిదో ఇంకోవైపు.

రాయల్టీ దేనికి కడుతున్నామో ఎవరైనా చెప్పగలరా?

పిలకల_పెద్దాయన
పేరుకు కడుతున్నారు. నేను పదకొండేళ్లుగా నా చేలో పిలకలే నాటుకుంటున్నాను. ఎవరికీ పైసా కట్టలేదు. ఏటా కొన్ని చస్తాయి, కొన్ని బతుకుతాయి. మీకు జరిగింది కూడా అదే, కాకపోతే బిల్లుతో సహా జరిగింది.

సూక్ష్మదర్శిని
చచ్చిన మొక్కను పీకి మొదలును నిలువుగా కోసి చూశారా? లోపల ఏ రంగు ఉంది?

ఎర్రమట్టి_రైతు
@సూక్ష్మదర్శిని ఇప్పుడే నాలుగు కోశాను. నారింజ కలిసిన గోధుమ రంగు, అంచు నుంచి లోపలికి పాకినట్టు ఉంది. వేర్లు నల్లబడ్డాయి. ఇదే ఎండు తెగులు కదా?

సూక్ష్మదర్శిని
అదే చెప్పలేం. ఈ రంగు చూసి నేను ఫ్యూజేరియం అంటాను, పక్కవాడు మాక్రోఫోమినా అంటాడు, మూడోవాడు ఫైటాఫ్తోరా అంటాడు. మూడూ మట్టిలోంచి వచ్చే తెగుళ్లే, ముగ్గురం సమాన ధైర్యంతోనే అంటాం. చేలో నిలబడి చూస్తే ఫ్యూజేరియం ఎండు తెగులు, మాక్రోఫోమినా మొదలు కుళ్లు కవల పిల్లల్లా ఉంటాయి. రెండింటిలోనూ ముదురు ఆకులు ముందు పోయి నడుమ ఆకులు మిగులుతాయి. రెండూ కాయ కాస్తున్నప్పుడు, ఎండ ఎక్కువైనప్పుడే బయటపడతాయి.

పూర్తిగా చచ్చినవి వద్దు, సగం వాడిన మొక్కలను వేర్లతో సహా తీసి ప్రయోగశాలకు పంపండి. చచ్చినవాటిలో కుళ్లు తినడానికి వచ్చిన ఊరేగింపంతా దొరుకుతుంది, అసలు దోషి దొరకడు.

మీ కాగితం మీద ఉన్న "ఎండు తెగులు" అంటే ఏ శిలీంద్రమో రాశారా?

ఎర్రమట్టి_రైతు
రాశారు, చిన్న అక్షరాల్లో. ఫ్యూజేరియం, రేస్ 1.

సూక్ష్మదర్శిని
అయితే ఆ మాట ఒక్క ఫ్యూజేరియంకు, అందులోనూ ఒక్క రేసుకు, అంటే ఒక్క ఉపరకానికి, ఇచ్చిన హామీ. ఎఫ్‌డబ్ల్యూ1 అనే ఒక్క జన్యువు ఉంటే చాలు, రేస్ 1 మొక్కను ఏమీ చేయలేదు. కానీ అదే జన్యువు మాక్రోఫోమినా ముందు పనికిరాదు. మాక్రోఫోమినాకు అలా ఒక్క దెబ్బకు తాళం వేసే జన్యువు దొరకలేదు. చిన్న చిన్న జన్యువులు చాలా కలిసి కొంత తట్టుకునేలా చేస్తాయి, అంతే.

ఊరికే_చదువరి
దొంగకు తాళం వేశాం, కానీ వచ్చింది దొంగ కాదు, వరద.

పిలకల_పెద్దాయన
చిన్న అక్షరాల్లో రాసినదానికి పెద్ద అక్షరాల ధర. నేను మొదట అన్నది తప్పా?

పుప్పొడి_కుంచె
కొంత తప్పే, పెద్దాయన గారూ. నేను కొన్నేళ్లు ఒక వంగడాల తయారీ బృందంలో పనిచేశాను. ఉద్యోగం పేరు గొప్పగా ఉండేది కానీ చేసింది పూల మీద కుంచెతో పుప్పొడి అద్దడం. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో నాకు తెలిసినంత చెబుతాను.

తోటలో పెరిగే స్ట్రాబెర్రీలో ఎనిమిది సెట్ల క్రోమోజోములు, మొత్తం 56. అమెరికా ఖండాల్లోని రెండు అడవి జాతులు యూరప్ తోటల్లో పక్కపక్కన పెరిగి కలిసిపోతే పుట్టిన సంకరం ఇది. చిలీ జాతిని ఫ్రేజియే అనే ఫ్రెంచి ఇంజనీరు 1714లో ఫ్రాన్సుకు తెచ్చాడు. రెండూ కలిశాయని 1766లో డుషేన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త గుర్తించాడు. అలాంటి మొక్కలో రెండు మంచి వంగడాలను కలిపితే పిల్లలు ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి తియ్యగా ఉండి వేలు తగిలితే నలుగుతుంది. ఇంకొకటి రాయిలా గట్టిగా ఉండి రుచికి దోసకాయను తలపిస్తుంది. మూడోది అన్నీ బాగుండి సీజనంతా ఐదు కాయలు కాస్తుంది.

ఏటా వేల మొలకలు పెంచుతాం. మొదటి ఏడాదే నూటికి తొంభై పైన పారేస్తాం. మిగిలినవాటిని పిలకలతో పెంచి, రెండు మూడు నేలల్లో వేసి, మళ్లీ పారేస్తాం. ఏడెనిమిదేళ్లకు ఒకటో రెండో బయటకు వస్తాయి, అవి కూడా రైతులకు నచ్చుతాయన్న నమ్మకం లేదు. మీరు కట్టే రాయల్టీ మీ చేతికి వచ్చిన మొక్కది కాదు, పారేసిన వేల మొక్కలది.

పిలకల_పెద్దాయన
పారేసినవాటికి నేనెందుకు కట్టాలి?

పుప్పొడి_కుంచె
బావి తవ్వించినప్పుడు నీళ్లు పడని గోతుల కూలి కూడా కడతాం కదా.

నర్సరీ_గది
@పిలకల_పెద్దాయన మీరు నాటుకునేది పాత వంగడమైతే రాయల్టీ గొడవే లేదు. అమెరికాలో మొక్కల పేటెంటు 20 ఏళ్లే. కమరోసా, చాండ్లర్ లాంటివాటి గడువు ఎప్పుడో తీరిపోయింది. అసలు భయం చట్టం కాదు, పిలక.

పిలక అంటే తల్లి ముక్కే. తల్లిలో ఏ వైరస్ ఉంటే పిల్లలోనూ అదే ఉంటుంది. ఒక్కో వైరస్ విడిగా ఉంటే ఆకులో ఏమీ కనిపించకపోవచ్చు. రెండు మూడు కూడితే మొక్క ఏటా కొంచెం కొంచెం కురచబడుతుంది, రైతు "నేల అలసిపోయింది" అనుకుంటాడు. అందుకే మంచి నర్సరీలు చిగురు కొనను మాత్రం తీసి, వేడితో, టిష్యూ కల్చర్‌తో శుభ్రం చేసి, తెర గదుల్లో పెంచి, ఆ తర్వాత పొలం నర్సరీలో వేస్తాయి. ఆ చిగురు కొన నుంచి మీ బెడ్డు దాకా రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. మొక్క ధరలో పెద్ద వాటా అది. రాయల్టీ అందులో చిన్న ముక్క.

పిలకల_పెద్దాయన
నా దగ్గర కురచబడిన మొక్క కనిపించగానే పీకేస్తాను. పదకొండేళ్లు ఊరికే గడవలేదు.

అయినా శుభ్రమైన నర్సరీల గొప్ప చూశాం లెండి. ఫ్లోరిడాలో 2018-19 సీజనులో నియోపెస్టలోటియోప్సిస్ అనే కొత్త మచ్చ తెగులు చేలకు ఎలా వచ్చింది? కొన్న నారుతోనే కదా.

నర్సరీ_గది
అది నిజమే, కాదనను. ఒక్క నర్సరీలో తెగులు పడితే అక్కడి నుంచి లారీ ఎక్కి వందల చేలకు వెళ్తుంది. మీ పిలకల తెగులు మీ కంచె దాటదు. నా వాదనలో బలహీనమైన చోటు పట్టుకున్నారు.

లెక్కల_పంతులు
ఎంత నష్టం ఆపితే అదనపు ధర గిట్టుతుంది? అది తేలకుండా రాయల్టీ న్యాయమా అన్యాయమా అని ఎన్నాళ్లయినా మాట్లాడుకోవచ్చు.

పాత మొక్క ధర 10 అనుకోండి, కొత్తది 15. బతికిన మొక్క సీజను చివరికి కూలీ, ఎరువు, పెట్టెలు అన్నీ పోను, మొక్క ధర ఒక్కటి తీయకుండా, 30 మిగులుస్తుందనుకుందాం. చచ్చినది సున్నా. అదనంగా పెట్టింది 5. ఐదును ముప్పైతో భాగిస్తే ఆరో వంతు. అంటే కొత్త వంగడం వల్ల వందకు కనీసం 17 మొక్కలు అదనంగా బతకాలి. అంతకంటే తక్కువ చచ్చే చేలో ఎంత గొప్ప నిరోధకతైనా దండగే.

ఇంకో మెలిక. కొత్తది పాతదానికంటే పదో వంతు తక్కువ కాసిందనుకోండి, మొక్కకు మిగిలేది 27. ఒక్క మొక్క కూడా చావకపోయినా, మొక్క ధర 15 పోను చేతిలో 12. పాతది ఎన్ని చస్తే 12కు దిగుతుంది? వందకు దాదాపు 27. దిగుబడి కొంచెం తగ్గినా గిట్టుబాటు గీత 17 నుంచి 27కు జరిగిపోయింది.

అందుకే "తట్టుకుంటుందా" అని ఒక్క ప్రశ్న అడిగి కొనకూడదు. మీ చేలో ఏది ఎన్నింటిని చంపుతోంది, ఆ వంగడం ఎంత కాస్తుంది, ఈ రెండూ తెలియాలి.

ఎర్రమట్టి_రైతు
నా మొక్కలు మొదటి కోత తర్వాత చచ్చాయి. మరి వాటికి సున్నా వేయడం సరికాదేమో?

లెక్కల_పంతులు
సరికాదు. తొందరలో రాశాను. కొంత కాసి చచ్చాయి కాబట్టి ఒక్కో చావుకు పోయేది 30 కంటే తక్కువ. అంటే అదనపు ధర గిట్టడం ఇంకా కష్టం.

కౌలు_చేను
పంతులు గారి లెక్క ఒక్క సీజనుది. చచ్చిన మొక్క ఊరికే చావదు. దాని మొదట్లో, వేర్లలో శిలీంద్రం నల్లటి గింజల్లా ముడుచుకుని ఏళ్ల తరబడి మట్టిలో కూర్చుంటుంది. ఈ ఏడాది చచ్చిన ఆరు వందలు వచ్చే ఏడాదికి విత్తనం చల్లి వెళ్లాయి. నిరోధక వంగడం వేస్తే ఆ చల్లడం ఆగుతుంది. ఆ లాభం మీ పట్టికలో లేదు.

మరి ఆ లాభం ఎవరిది? నాది కౌలు చేను. మూడేళ్ల తర్వాత ఎవరు దున్నుతారో నాకు తెలియదు. నేల బాగుకు పెట్టే ఖర్చు నాది, ఫలితం తర్వాతి వాడిది. అందుకే నేనూ చౌక మొక్కే వేశాను. తప్పని తెలిసే వేశాను.

లెక్కల_పంతులు
ఇది నా పట్టికలో నిజంగా లేదు. సొంత నేలకు గీత 17 కంటే బాగా కింద ఉండాలి, కౌలుకు 17 దగ్గరే ఉంటుంది. ఒకే వంగడం, ఒకే తెగులు, ఇద్దరికి రెండు సరైన జవాబులు.

సూక్ష్మదర్శిని
@కౌలు_చేను ఒక సవరణ. మొక్కలోకి శిలీంద్రాన్ని రానివ్వని వంగడం వేరు, రానిచ్చి కూడా చావకుండా కాసే వంగడం వేరు. రెండోది వేస్తే మీ జేబుకు మంచిదే, మట్టిలో విత్తనం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అమ్మేవాళ్లు రెండింటికీ "తట్టుకుంటుంది" అనే ఒక్క మాటే వాడతారు.

ఊరికే_చదువరి
ఒక సందేహం, తిట్టకండి. స్ట్రాబెర్రీని వందల ఏళ్లుగా పండిస్తున్నారు కదా. ఈ మట్టి తెగుళ్లకు ఇప్పుడే ఇంత హడావిడి ఎందుకు?

పుప్పొడి_కుంచె
నాకు ఇష్టమైన ప్రశ్న.

1950లు, 60లలో కాలిఫోర్నియాలో నేల పొగ పద్ధతి వచ్చింది. మిథైల్ బ్రోమైడ్, క్లోరోపిక్రిన్ కలిపి మట్టిలోకి ఎక్కించి పైన ప్లాస్టిక్ పరుస్తారు. శిలీంద్రం, నులిపురుగు, కలుపు విత్తనం, అన్నీ ఒకే దెబ్బకు పోతాయి. అప్పట్లో ప్రధాన శత్రువు వెర్టిసిలియం అనే మట్టి శిలీంద్రం. గ్రాము మట్టిలో దాని గింజలు రెండు మూడు ఉన్నా మొక్క వాడిపోతుంది. పొగ పెట్టాక ఏడాదికేడాది అదే నేలలో అదే పంట వేయడం సాధ్యమైంది, దిగుబడులు ఎగబాకాయి.

దాంతో మా వృత్తిలో ఒక విచిత్రం జరిగింది. పొగ పెట్టిన శుభ్రమైన నేలలోనే మొలకలను ఎంచేవాళ్లు. మట్టి తెగులు లేని చోట నిరోధకత ఉన్న మొక్కకూ లేని మొక్కకూ తేడా కనిపించదు. కాబట్టి కాయ సైజు, గట్టిదనం, దిగుబడి చూసి ఎంచారు. నిరోధకతకు అప్పుడు ధర లేదు, దాన్ని ఎవరూ వెతకలేదు.

తర్వాత మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరను తింటోందని మాంట్రియల్ ఒప్పందం కిందికి తెచ్చారు. అభివృద్ధి చెందిన దేశాల్లో 2005కు ఆపాలి. స్ట్రాబెర్రీకి ప్రత్యేక మినహాయింపులు అడుగుతూ అడుగుతూ కాలిఫోర్నియా 2016 చివరి దాకా లాగింది. సరిగ్గా ఆ మధ్య కాలంలోనే అక్కడి చేలలో ఫ్యూజేరియం, మాక్రోఫోమినా తలెత్తాయి. అప్పుడు పాత వంగడాలను తిరగేసి పరీక్షిస్తే శాన్ ఆండ్రియాస్, పోర్టోలా, ఫ్రాంటెరాస్ లాంటి వాటిలో ఫ్యూజేరియం నిరోధకత అప్పటికే ఉంది. ఎవరూ కోరి పెట్టింది కాదు. అటక మీద పెట్టెలో అమ్మమ్మ గొలుసు దొరికినట్టు. 2023లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఐదు కొత్త వంగడాలను విడుదల చేసింది. ఈసారి ఫ్యూజేరియం నిరోధకతను కోరి పెట్టారు, ఐదింటిలోనూ ఉంది.

ఊరికే_చదువరి
ఎనిమిది సెట్ల క్రోమోజోములు అన్నారు కదా, మనకు రెండు సెట్లతోనే ఆస్తి పంపకాలు తెగడం లేదు.

వానమబ్బు
పంపకాలు అంటే గుర్తొచ్చింది. వంగడం ఎవరి సొత్తు అన్నది కూడా పెద్ద గొడవే. అదే విశ్వవిద్యాలయంలో వంగడాలు తయారుచేసిన ఇద్దరు శాస్త్రవేత్తలు బయటకు వెళ్లి సొంత సంస్థ పెట్టారు. విశ్వవిద్యాలయం మొక్కలను వాడుకున్నారా లేదా అని కోర్టుకెక్కారు. 2017లో జ్యూరీ విశ్వవిద్యాలయం పక్షాన తీర్పు చెప్పింది.

కౌలు_చేను
విశ్వవిద్యాలయం వంగడమైతే రాయల్టీ కట్టి ఎవరైనా వేసుకోవచ్చు. డ్రిస్కాల్స్ లాంటి కంపెనీ వంగడాలు దాని కోసం పండించే రైతులకే. అక్కడ రాయల్టీ విడిగా కనిపించదు, పండు కొనే ధరలోనే కలిసిపోతుంది. రెండింటిలో ఏది మేలో నాకు తెలియదు కానీ బిల్లులో వేరే వరుస ఉంటే కనీసం తిట్టుకోవడానికి వీలుంటుంది.

వానమబ్బు
అందరూ మట్టి మీదే పడ్డారు. నా డబ్బంతా ఆకాశం మీద పోతోంది. వాన తడికి కాయలను కుళ్లబెట్టే బూడిద రంగు బూజు, ఆంత్రాక్నోస్. వారానికో పిచికారి కొట్టేవాణ్ణి. మూడో ఏటికి మందు నీళ్లతో సమానమైంది. ఆ బూడిద బూజు (బోట్రైటిస్) పూవులోనే దూరి, కాయ పండే దాకా నిద్రపోయి, పెట్టెలో లేస్తుంది. నేను పండు మీద కొట్టుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆకు తడి ఎన్ని గంటలు ఉంది, అప్పుడు వేడి ఎంత, ఈ రెండూ చూసి కొడుతున్నాను. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ల హెచ్చరిక వ్యవస్థ నడిచేది ఈ సూత్రం మీదే. అక్కడ పిచికారీలు సగం దాకా తగ్గినా దిగుబడి తగ్గలేదు. నాకు అంత తగ్గలేదు, మూడో వంతు తగ్గాయి. ఒకే తీరుగా పనిచేసే మందులను వెంటవెంటనే కొట్టడం మానేశాను. కాప్టాన్ లాంటి పాత మందును వెన్నెముకగా పెట్టుకుని, కొత్తవాటిని పూత సమయానికి దాచుకుంటున్నాను.

పిలకల_పెద్దాయన
వానమబ్బు గారు చెప్పింది బంగారం. దానికి రాయల్టీ కూడా లేదు.

ఎర్రమట్టి_రైతు
ప్రయోగశాల జవాబు వచ్చింది. పంపిన ఎనిమిదిలో ఏడింటిలో మాక్రోఫోమినా. ఫ్యూజేరియం ఒక్కదానిలోనూ లేదు.

అంటే నేను కొన్న నిరోధకత పనిచేసిందో లేదో కూడా తెలియదు. దాని శత్రువే నా చేలో లేడు.

సూక్ష్మదర్శిని
ఆ పరీక్షకు అయిన ఖర్చు, రెండు వేల మొక్కలకు కట్టిన అదనపు ధర, పక్కపక్కన పెట్టి చూడండి. పరీక్ష మొక్కలు కొన్న తర్వాత కాదు, ముందు సీజనులో మొదటి మొక్క వాడినప్పుడే చేయించాలి.

లెక్కల_పంతులు
అది సరే, కొత్తది పాతదానికంటే ఎక్కువ ఎందుకు చచ్చింది? 30కీ 17కూ తేడా చిన్నది కాదు. కొత్త బెడ్లు చేలో ఎటువైపు ఉన్నాయి?

ఎర్రమట్టి_రైతు
చివర. డ్రిప్ పైపు ఆఖరి కొసన. నారు ఆలస్యంగా వచ్చింది, అప్పటికి అక్కడే ఖాళీ ఉంది.

సూక్ష్మదర్శిని
మాక్రోఫోమినాకు వేడి, దాహం రెండూ ఇష్టం. నీరు తక్కువ అందే బెడ్డులో అదే తెగులు ఎక్కువగా కనిపిస్తుంది. మీరు పోల్చింది రెండు వంగడాలను కాకపోవచ్చు, పైపు మొదలునూ చివరనూ కావచ్చు.

కౌలు_చేను
నేల సంగతికి వస్తే, కొందరు బియ్యపు తవుడు కలిపి, నీళ్లతో నింపి, ప్లాస్టిక్ కప్పి మూడు వారాలు గాలి ఆడకుండా ఉంచుతారు. పొగకు బదులు. ప్రయత్నించవచ్చా?

సూక్ష్మదర్శిని
వెర్టిసిలియంకు బాగా పనిచేస్తుంది. ఫ్యూజేరియంకు, మాక్రోఫోమినాకు మట్టి బాగా వేడెక్కిన కాలంలో చేయాలి. చల్లటి మట్టిలో చేస్తే ఫ్యూజేరియం ఆ తవుడు తిని ఇంకా బలుస్తుంది. బ్రోకలీ పంట వేసి ఆకులు, కాండం మట్టిలో కలిపితే వెర్టిసిలియం గింజలు తగ్గుతాయి. అదీ ముందు తెగులు పేరు తెలిశాకే.

పిలకల_పెద్దాయన
ఎర్రమట్టి గారూ, తెగులు పడ్డ బెడ్లలో పచ్చగా మిగిలిన పాత మొక్కల పిలకలు పారేయకండి. చావులోంచి బయటపడ్డవి, గట్టివి.

పుప్పొడి_కుంచె
ఇక్కడ మాత్రం ఆపాలి. ఆ నాలుగు వేలూ ఒకే మొక్క ముక్కలు. బతికినదానిలోనూ చచ్చినదానిలోనూ ఉన్నవి అవే జన్యువులు. అది నిలిచిన చోట శిలీంద్రం తక్కువ ఉంది, లేదా నీళ్లు ఎక్కువ అందాయి. గింజతో మొలిచిన మొక్కలైతే మీ మాట సరే. పైగా తెగులు ఉన్న మట్టిలో పెరిగిన పిలకతో శిలీంద్రం కూడా శుభ్రమైన చేలోకి వస్తుంది.

పిలకల_పెద్దాయన
పదకొండేళ్లుగా బతికినవాటినే ఎంచుతున్నాను.

పుప్పొడి_కుంచె
తెలుసు. మీరు ఎంచింది మొక్కలను కాదు, మీ చేలో మంచి చోట్లను.

పిలకల_పెద్దాయన
ఇది కొంచెం ఆలోచించాల్సిన విషయమే. రేపు ఎక్కడెక్కడివి తీశానో గుర్తు తెచ్చుకుంటాను.

ఎర్రమట్టి_రైతు
ఈ రోజు పొద్దున ఒకే గ్లాసు తీసుకుని డ్రిప్ రంధ్రాల కింద పెట్టి కొలిచాను. మొదటి బెడ్డులో నిండడానికి నాలుగు నిమిషాలు. నడుమ బెడ్డులో దాదాపు ఐదు. చివరి బెడ్డులో ఏడు దాటింది, రెండు రంధ్రాల్లో అయితే చుక్క కూడా లేదు. విప్పితే లోపల తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది.

వచ్చే సీజనుకు రెండు వంగడాలనూ ఒక బెడ్డు విడిచి ఒక బెడ్డు వేస్తాను. కొత్తది రెండు వందలు మించి కొనను. పైపు శుభ్రానికి యాసిడ్ ఎంత పాళ్లలో కలుపుతారు, మొక్కలు చేలో ఉండగా చేయవచ్చా?

వానమబ్బు
మొక్కలు ఉండగా వద్దు. పంట తీశాక చేయండి. ఈలోగా చివరి మూత విప్పి రోజూ పది నిమిషాలు నీళ్లు వదలండి, వదులుగా ఉన్న చెత్త కొంత దానితోనే పోతుంది. యాసిడ్ పాళ్లకు కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ ఎవరికీ కనిపించదు.